ఎండకు డ్రాకులా ఎప్పటి నుంచి భయపడుతున్నాడు?

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో డ్రాకులా పట్టపగలు లండన్ నడిబొడ్డున కనిపిస్తాడు. పికడిల్లీలో ఒక దుకాణం ముందు ఆగిన బండిలోని అమ్మాయిని కన్నార్పకుండా చూస్తూ నిలబడతాడు. నల్ల మీసం, మొనదేలిన గడ్డం కూడా ఉంటాయి. ఎండ వల్ల అతనికి వచ్చే ప్రమాదం ఏమీ లేదు. పగటిపూట మాయలు పనిచేయవు, అంతే. చివర్లో అతను చచ్చేది కూడా కత్తులకే. పొద్దుగూకే వేళ, మంచులో వెంటాడి పట్టుకుని ఒకరు గొంతు కోస్తారు, ఇంకొకరు గుండెలో పొడుస్తారు.

ఎండ తగిలితే రక్తపిశాచి నశిస్తుందన్న నియమం పాతికేళ్ల తర్వాత జర్మనీలో పుట్టింది. 1922లో మూర్నౌ తీసిన మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ నిజానికి స్టోకర్ కథే. హక్కులు కొనలేదు, పేర్లు మార్చి తీశారు. డ్రాకులా కాస్తా కౌంట్ ఆర్లాక్ అయ్యాడు. ముగింపు కూడా మారింది. ఒక స్త్రీ తెల్లవారేదాకా అతన్ని తన దగ్గరే ఆపేస్తుంది. కోడి కూస్తుంది, గదిలోకి వెలుగు వస్తుంది, అతను పొగై కరిగిపోతాడు. మాటల్లేని సినిమాకు ఇంతకన్నా మంచి చావు దొరకదు. నవల ముగింపు తీయాలంటే గుర్రాలు, కొండదారులు, ఒక గుంపు కావాలి. దీనికి ఒక కిటికీ, ఒక కెమెరా ట్రిక్ చాలు.

స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. సినిమా తీసిన ప్రానా కంపెనీ అప్పటికే దివాలా తీసింది. 1925లో ప్రింట్లన్నీ నాశనం చేయాలని జర్మనీ కోర్టు ఆదేశించింది. కొన్ని ప్రింట్లు ఎలాగో మిగిలాయి కాబట్టి ఆ సినిమా ఇవాళ మనకు దొరుకుతోంది. చట్టం దృష్టిలో అది దొంగ సరుకు. కానీ ఆ దొంగ సరుకులోని ముగింపే అసలు కథను మింగేసింది. 1958లో బ్రిటన్‌లోని హ్యామర్ సంస్థ క్రిస్టఫర్ లీతో తీసిన డ్రాకులా సినిమాలో కౌంట్ గారు చచ్చేది ఎండకే. ఆ తర్వాత వచ్చిన వందలాది కథల్లో ఇది ప్రకృతి నియమం లాగే చెలామణి అయింది.

డ్రాకులా అనగానే గుర్తొచ్చే ఎత్తు కాలరు నల్ల అంగీ కూడా పుస్తకం ఇచ్చిన బొమ్మ కాదు, నాటకాల వాళ్ల అవసరం. 1924లో హామిల్టన్ డీన్ ఇంగ్లండ్‌లో ఈ కథను నాటకంగా వేశాడు. వేదిక మీద డ్రాకులా ఉన్నట్టుండి మాయమవ్వాలి. నటుడు ప్రేక్షకులకు వీపు తిప్పితే ఆ కాలరు తలను కప్పేస్తుంది. అతను అంగీలోంచి జారి నేలలోని తలుపు గుండా కిందికి దిగిపోతాడు, ఖాళీ అంగీ మాత్రం మిగులుతుంది. బేలా లుగోసీ 1927లో న్యూయార్క్ నాటకంలో, 1931లో హాలీవుడ్ సినిమాలో ఆ వేషంతోనే నటించాడు. సినిమాలో నేలతలుపు అవసరం లేదు, అయినా కాలరు ఉండిపోయింది. తమాషా ఏంటంటే, డ్రాకులా అంటే కోరలు అనుకుంటాం గానీ ఆ 1931 సినిమాలో లుగోసీ ఒక్కసారి కూడా కోరలు చూపించడు.

భూతాలు, అపరాధ పరిశోధకులు, అంతరిక్ష వీరులు, ఆటల్లోని హీరోలు. వీళ్లలో ఎవర్ని తీసుకున్నా ఇలాంటి కథే బయటపడుతుంది. మనం ఆ పాత్రకు ప్రాణం అనుకునే గుర్తు చాలాసార్లు సృష్టికర్త ఊహించింది కాదు. డబ్బు చాలక, సమయం చాలక, యంత్రానికి శక్తి చాలక, లేదా కోర్టు భయంతో మరెవరో చేసిన సర్దుబాటు అది. వీటిని సరదా విశేషాలుగా చెప్పుకుని వదిలేయడం మామూలే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సర్దుబాట్లు వేలల్లో జరుగుతాయి, అన్నీ నిలవవు కదా, కొన్నే ఎందుకు నిలిచాయి?

అమ్ముడుపోని పెట్టెల్లోంచి వచ్చిన మీసం

1980 ప్రాంతంలో జపాన్ కంపెనీ నింటెండో అమెరికాలో ‘రాడార్ స్కోప్’ అనే ఆర్కేడ్ గేమ్‌ను నమ్ముకుని దాదాపు 3,000 యంత్రాలు తెప్పించుకుంది. మూడో వంతు మాత్రమే అమ్ముడయ్యాయి. మిగిలిన పెట్టెల్లో కొత్త ఆట పెట్టి ఎలాగోలా వదిలించుకోవాలి. ఆ పని షిగేరు మియామోటో అనే కుర్రాడి మీద పడింది. అతను డిజైన్ చదివినవాడు, ప్రోగ్రామర్ కాదు. మొదట అమెరికన్ కార్టూన్ హీరో పొపాయ్‌తో ఆట చేద్దామనుకున్నారు. లైసెన్స్ దొరకలేదు. పొపాయ్, అతని ప్రియురాలు, వాళ్ల మధ్య దూరే బలిసిన విలన్ అనే ముక్కోణం మాత్రం మిగిలింది. విలన్ స్థానంలో గొరిల్లా వచ్చింది, ప్రియురాలి స్థానంలో ఒక అమ్మాయి, హీరో స్థానంలో ఒక వడ్రంగి. 1981లో వచ్చిన ఆ ఆటే ‘డాంకీ కాంగ్’. వడ్రంగికి అప్పటికి సరైన పేరు కూడా లేదు, జంప్‌మ్యాన్ అని పిలిచేవారు.

ఆ హీరోను గీయడానికి మియామోటో చేతిలో ఉన్నవి నిలువు 16, అడ్డం 16 చుక్కలు, రెండు మూడు రంగులు. అంత చిన్న జాగాలో నోరు గీస్తే మచ్చలా కనిపిస్తుంది. అందుకే పెద్ద ముక్కు పెట్టి, దాని కింద మీసం పెట్టాడు. అప్పుడు ముక్కు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది, నోటి గొడవ ఉండదు. దూకుతున్నప్పుడు జుట్టు ఎగరాలంటే కష్టం, కాబట్టి టోపీ. చేతులు ఒంటిలో కలిసిపోతే పరిగెత్తడం తెలియదు, కాబట్టి చొక్కా ఒక రంగు, పైన తొడిగిన ఓవరాల్స్ ఇంకో రంగు. నింటెండో అమెరికా శాఖ అద్దెకున్న గోదాం యజమాని పేరు మారియో సెగాలీ. ఆయన పేరే హీరోకు తగిలించారు. 1983లో పైపుల మధ్య జరిగే ఆట వచ్చేసరికి వడ్రంగి ప్లంబర్ అయిపోయాడు. ఆ ఆటలో ఇద్దరు ఆడాలి, కానీ రెండో మనిషికి కొత్త బొమ్మ పెట్టేంత మెమరీ లేదు. మారియో బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి తమ్ముడు లుయీజీ అన్నారు.

లుయీజీ పొడుగ్గా ఎందుకుంటాడన్నది ఇంకో కథ. 1988లో అమెరికాలో వచ్చిన రెండో సూపర్ మారియో ఆట అసలు మారియో ఆటే కాదు. జపాన్‌లో ఏడాది ముందు వేరే పాత్రలతో వచ్చిన ఆటకు తలలు మార్చారు. అందులో అమ్మ పాత్ర ఒకటి ఎత్తుకు దూకి, గాల్లో కాళ్లు కొట్టుకుంటూ మెల్లగా దిగుతుంది. ఆమె స్థానంలో లుయీజీని పెట్టడంతో అతను పొడుగయ్యాడు, అన్నకన్నా ఎత్తుకు దూకడం అతని స్వభావమైపోయింది. ఆకుపచ్చ నకలుగా మొదలైనవాడు ఎవరో అమ్మగారి పుణ్యమా అని సొంత మనిషయ్యాడు.

డాంకీ కాంగ్ బాగా ఆడేసరికి హాలీవుడ్ సంస్థ యూనివర్సల్ 1982లో కేసు వేసింది. అది తమ కింగ్ కాంగ్‌కు కాపీ అని దాని వాదన. నింటెండో తరఫు లాయర్ జాన్ కర్బీ ఒక పాత సంగతి తవ్వి తీశారు. కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదు, అందరిదీ అని 1970లలో ఇదే యూనివర్సల్ మరో కేసులో వాదించింది. జడ్జికి అది చాలింది, 1983లో నింటెండో గెలిచింది. పదేళ్ల తర్వాత వచ్చిన ఒక గేమ్‌లో గుండ్రటి చిన్న హీరోకు కర్బీ అని పేరు పెట్టడానికి ఈ లాయర్ గారు ఒక కారణం అంటారు. ఆ హీరో పుట్టుక కూడా మామూలుగా లేదు. ఆ గేమ్ చేస్తున్న మసాహిరో సకురాయ్ అసలు బొమ్మ తయారయ్యేదాకా పని నడవడానికి తాత్కాలికంగా ఒక గుండ్రటి ముద్దను పెట్టుకున్నాడు. పని చేస్తూ చేస్తూ ఆ ముద్దే నచ్చేసింది, అసలు బొమ్మను పక్కన పెట్టేశాడు. ఆ గేమ్ వచ్చింది చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రానికి, దాని తెరకు రంగులు లేవు కాబట్టి కర్బీది గులాబీ రంగన్నది సకురాయ్ మనసులో మాత్రమే ఉంది. అమెరికాలో డబ్బా మీద తెల్లగా అచ్చేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మారియో మీసం బుద్ధిపూర్వకంగా చేసిన పరిష్కారం. కర్బీ గుండ్రదనం ఎవరూ ఆలోచించి చేసింది కాదు, వదిలేయడానికి మనసొప్పక మిగిలింది. రెండిట్లోనూ నిర్ణయం తీసుకున్నవాడు ఒకడున్నాడు. ‘మైన్‌క్రాఫ్ట్’ గేమ్‌లోని క్రీపర్ అనే వింత జీవి విషయం కూడా ఇంతే. మార్కస్ పెర్సన్ పందిని తయారు చేయబోయి పొడవు, ఎత్తు అంకెలు తారుమారు చేశాడు. నిలువుగా నాలుగు పొట్టి కాళ్ల మీద నిలబడ్డ ఒక వికారం తయారైంది. తప్పు దిద్దుకుని ముందుకెళ్లడం సులువు. అతను దానికి ఆకుపచ్చ రంగు వేసి, చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి పేలిపోయే గుణం ఇచ్చాడు. ఇప్పుడు ఆ మొహం పిల్లల స్కూలు బ్యాగుల మీద కనిపిస్తుంది.

1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’లో గ్రహాంతర సైన్యం మొదట మెల్లగా కదులుతుంది. ఒక్కొక్కటీ చచ్చేకొద్దీ మిగిలినవి వేగం పెంచుతాయి, చివరి ఒక్కటీ పిచ్చెక్కినట్టు పరిగెత్తుతుంది. దాన్ని తయారు చేసిన తొమోహిరో నిషికాడో వేగం పెంచమని రాయలేదు. తెర మీద బొమ్మలు తగ్గేకొద్దీ ఆనాటి ప్రాసెసర్‌కు భారం తగ్గి, మిగిలినవాటిని గబగబా కదిలించగలిగింది. నిషికాడో దాన్ని సరిచేయకుండా ఉంచేశాడు. చివరికొచ్చేకొద్దీ ఆటగాడికి టెన్షన్ పెరగాలన్న సూత్రం ఆ తర్వాత ఎన్ని ఆటలకు పునాది అయిందో చెప్పలేం.

షెర్లాక్ హోమ్స్‌కు టోపీ పెట్టిందెవరు

మారియో కేసులో కనీసం గీసినవాడు, సృష్టించినవాడు ఒకడే. షెర్లాక్ హోమ్స్ విషయంలో రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. చెవుల మీదికి మడతలున్న ఆ వేట టోపీ పేరు డాయిల్ కథల్లో ఎక్కడా రాలేదు. 1891లో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన ఒక కథలో హోమ్స్ తలకు అతుక్కున్న గుడ్డ టోపీ పెట్టుకుని రైలెక్కాడని ఉంది. చిత్రకారుడు సిడ్నీ పాజెట్ దాన్ని వేట టోపీగా గీశాడు. ఆ తర్వాత ఒక కథలో చెవుల మడతలున్న ప్రయాణపు టోపీ అని డాయిల్ రాశాడు. ఏది ఏమైనా అది పల్లెటూళ్లకు వెళ్లేటప్పుడు పెట్టుకునేది. లండన్ వీధుల్లో పాజెట్ హోమ్స్ ఆనాటి పెద్దమనుషుల్లాగే నిలువు టోపీలో కనిపిస్తాడు. తర్వాతి తరాలు అతనికి ఊళ్లో కూడా వేట టోపీ తగిలించాయి. విక్టోరియా కాలం మనిషి ఎవరైనా చూస్తే నవ్వుకునేవాడు.

పాజెట్‌కు ఆ పని రావడం కూడా పొరపాటే. పత్రిక వాళ్లు కోరుకున్నది అతని తమ్ముడు వాల్టర్‌ను. ఉత్తరం మీద ఇంటిపేరు మాత్రమే ఉండటంతో సిడ్నీ విప్పి చూసుకున్నాడని ప్రసిద్ధి.

హోమ్స్ గొడవ పడలేక డాయిల్ 1893లో అతన్ని జలపాతంలో పడేసి చంపేశాడు. చచ్చిన హోమ్స్‌ను బతికించింది ముందు నాటకమే. అమెరికన్ నటుడు విలియం జిలెట్ 1899లో హోమ్స్‌ను వేదిక ఎక్కించాడు. కథలో హోమ్స్‌కు పెళ్లి చేయవచ్చా అని అడిగితే, పెళ్లి చేయి, చంపేయి, నీ ఇష్టం అన్నాడట డాయిల్. వంపు తిరిగిన పైపు జిలెట్ వల్లే హోమ్స్ నోట్లో స్థిరపడింది. ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ అన్న మాట డాయిల్ రాసిన 4 నవలల్లో, 56 కథల్లో ఆ రూపంలో ఎక్కడా లేదు. జిలెట్ నాటకంలో దానికి దగ్గరి మాట ఒకటి ఉంది. టోపీ ఒకరిది, పైపు ఇంకొకరిది, మాట మరొకరిది. డాయిల్ ఇచ్చింది బుర్ర.

మనకు ఇది కొత్తేమీ కాదు. వాల్మీకి రామాయణంలో లక్ష్మణరేఖ లేదు, తర్వాతి వాళ్లు గీశారు. తెలుగువాళ్లు మహాభారతం అనగానే తలుచుకునే శశిరేఖా పరిణయం వ్యాసుడికి తెలియదు. దేవుళ్ల ముఖాలు ఎలా ఉంటాయో మన ఇళ్లకు నేర్పింది 1894లో రవివర్మ పెట్టిన అచ్చాఫీసు. పురాణ పాత్రల విషయంలో దీన్ని సహజంగానే తీసుకుంటాం. ఆధునిక పాత్రలకు మాత్రం ఒక్కడే కర్త ఉండాలని పట్టుబడతాం. కాపీరైట్ కాగితం మీద ఒక్క పేరే ఉండటం వల్ల వచ్చిన అలవాటు కావచ్చు ఇది.

రోగం నుంచి నియమం, నియమం నుంచి తలనొప్పి

నిలిచిన సర్దుబాటు, నిలవని సర్దుబాటు మధ్య తేడా తెలుసుకోవడానికి బ్రిటిష్ సీరియల్ ‘డాక్టర్ హూ’ను మించిన ఉదాహరణ లేదు. బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైన ఈ సీరియల్‌లో హీరో డాక్టర్, కాలంలో ప్రయాణించే వింత మనిషి. అతని వాహనం ఏ ఊరికి, ఏ కాలానికి వెళ్తే అక్కడి వస్తువులా రూపం మార్చుకోవాలి. ప్రతి కథకూ కొత్త సెట్ కట్టే డబ్బు లేదు. అందుకే రూపం మార్చే యంత్రం పాడై, లండన్ పోలీసు టెలిఫోన్ డబ్బా రూపంలో ఇరుక్కుపోయిందన్నారు. పోలీసు డబ్బాలు వీధుల్లోంచి పోయాయి, సీరియల్‌లో ఉండిపోయాయి. ఆ నీలం డబ్బా బొమ్మను ట్రేడ్‌మార్క్ చేసుకుంటామని బీబీసీ అడిగితే లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు అడ్డు చెప్పారు, అది మాది అని. 2002లో తీర్పు బీబీసీకి అనుకూలంగా వచ్చింది. జనం ఆ డబ్బాను చూసి పోలీసులను తలచుకోవడం ఎప్పుడో మానేశారు మరి.

అసలు విషయం 1966లో జరిగింది. డాక్టర్ వేషం వేసే విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైంది, సంభాషణలు గుర్తుండటం కష్టమైంది. సీరియల్ మాత్రం బాగా నడుస్తోంది. మామూలుగా అయితే రెండే దారులు. ఆపేయడం, లేదా ఇంకో నటుడిని పెట్టి ఏమీ జరగనట్టు నటించడం. మన టీవీ సీరియళ్లలో ‘ఇకపై ఈ పాత్రలో ఫలానా వారు’ అని అక్షరాలు వేస్తారే, అలా. బీబీసీ వాళ్లు మూడో దారి పట్టారు. డాక్టర్ భూమి మనిషి కాదు కదా, ఒళ్లు అరిగిపోతే కొత్త ఒళ్లు తెచ్చుకుంటాడన్నారు. హార్ట్‌నెల్ నేల మీద పడిపోతాడు, మొహం వెలుగులో కరిగి ప్యాట్రిక్ ట్రౌటన్ మొహం అవుతుంది. కొత్త డాక్టర్ మాట, నడక, బుద్ధి అన్నీ వేరు. ఆ ఎపిసోడ్ టేపును బీబీసీ తర్వాత చెరిపేసింది. మార్పు జరిగే ఆ కాస్త ముక్క పిల్లల కార్యక్రమం ఒకదాంట్లో చూపించడం వల్ల మిగిలింది.

ఇది ఒక్కసారికి గట్టెక్కే ఉపాయంగానే మొదలైంది. రెండోసారి చేశారు, మూడోసారి 1974లో దానికి ‘రీజెనరేషన్’ అన్న పేరు ఖాయమైంది. 1976లో ఇంకో కథ కోసం, ఒళ్లు కుళ్లిపోతున్న విలన్‌ను చూపించాల్సి వచ్చి, ఈ జాతి వాళ్లు పన్నెండుసార్లే మారగలరని ఒక మాట రాశారు. అప్పటికి నాలుగో డాక్టర్ నడుస్తున్నాడు, పన్నెండు ఎవరికి గుర్తుంటుంది? 2013 వచ్చేసరికి లెక్క నిండిపోయింది. ఆ క్రిస్మస్ కథంతా డాక్టర్‌కు కొత్త జీవితాల కోటా ఇప్పించడానికే సరిపోయింది. 2017లో డాక్టర్ మొదటిసారి స్త్రీ రూపంలో వచ్చినప్పుడు కథాపరంగా ఎవరూ కొత్తగా ఏమీ కల్పించాల్సిన అవసరం రాలేదు. ఆ తలుపు 1966లోనే ఒక ముసలాయన అనారోగ్యం తెరిచి పెట్టింది.

సర్దుబాటు నిలవాలంటే దానికి కథ లోపల ఒక కారణం దొరకాలి, ఆ కారణం కొత్త కథలకు దారివ్వాలి. డాక్టర్ ఒళ్లు మారడం కొన్ని డజన్ల కథలు పుట్టించింది. ఎండకు చచ్చే రక్తపిశాచి పుట్టించిన కథలకు లెక్కే లేదు: రాత్రంతా తప్పించుకోవాలి, తెల్లారితే బతికినట్టే. దీనికి భిన్నంగా కామిక్ వీరుడు హల్క్‌ను చూడండి. 1962లో మొదటి సంచికలో అతను బూడిద రంగులో ఉన్నాడు. అచ్చులో ఆ రంగు పేజీకో రకంగా వచ్చింది. రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేశారు. ఇది జనం కంటికి గుర్తుగా నిలిచిందే గానీ కథకు ఒరిగిందేమీ లేదు. నీలం అయినా అతను అలాగే గోడలు బద్దలు కొట్టేవాడు.

డార్త్ వేడర్ ముసుగు మాత్రం వేరే స్థాయి. జార్జ్ లూకాస్ 1977 సినిమా ‘స్టార్ వార్స్’లోని ఈ విలన్ కోసం రాల్ఫ్ మెక్వారీ బొమ్మలు గీస్తున్నప్పుడు ఒక సందేహం వచ్చింది. స్క్రిప్ట్ ప్రకారం వేడర్ ఒక నౌకలోంచి ఇంకో నౌకలోకి అంతరిక్షం గుండా వెళ్లాలి. గాలి లేనిచోట ఊపిరి ఎలా? అందుకే ముసుగు గీశాడు. ఆ ప్రయాణం సినిమాలో లేదు, ముసుగు ఉండిపోయింది. అది ఉంది కాబట్టి నీళ్లలో దిగే డైవర్ల గాలి పరికరంతో బెన్ బర్ట్ ఆ బరువైన శ్వాస చప్పుడు తయారు చేశాడు. ముసుగు వెనక నోరు కనబడదు కాబట్టి ఒంటికి డేవిడ్ ప్రౌస్, గొంతుకు జేమ్స్ ఎర్ల్ జోన్స్ సరిపోయారు. ఇంతకీ ఈ మనిషి ముసుగు లేకుండా ఎందుకు బతకలేడు అన్న ప్రశ్న లేచింది. కాలిపోయిన ఒళ్లు, పతనమైన వీరుడు, కొడుకు చేత ముసుగు తీయించుకునే తండ్రి, ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. ఒక చిత్రకారుడి చిన్న తర్కం మూడు సినిమాల విషాదానికి మూలమైంది.

గాడ్జిలా గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1954లో తోహో సంస్థలో ఎయిజీ సుబురాయా కింగ్ కాంగ్ పద్ధతిలో బొమ్మను ఒక్కో ఫ్రేముగా కదిలిస్తూ తీయాలనుకున్నాడు. ఉన్న మనుషులతో ఏళ్లు పడుతుందని తేలింది, చేతిలో ఉన్నవి నెలలు. అందుకే సుమారు 100 కిలోల రబ్బరు తొడుగులో హరువో నకాజిమాను దింపి, చిన్న నగరం కట్టి తొక్కించారు. వేగంగా షూట్ చేసి మెల్లగా చూపించడంతో ఆ నడకకు కొండ కదిలినంత బరువు వచ్చింది. తొడుగులో మనిషి కష్టపడి కాలు ఎత్తుతున్నాడన్నది నిజం కూడా. గర్జన కోసం సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే తోలు చేతితొడుగుతో డబుల్ బేస్ తంత్రులను రుద్దించాడు.

ఈ కథల్లో కొన్నింటిని అనుమానంగా చూడాలి. సృష్టికర్తలు ఇరవై, ముప్పై ఏళ్లు ఇంటర్వ్యూలు ఇస్తూ ఇస్తూ కథను నున్నగా చెక్కేస్తారు. ఒక ముక్క తీసిన పిజ్జాను చూసి పాక్-మ్యాన్ ఆటలోని గుండ్రటి హీరో తట్టాడని ఆ ఆటను చేసిన తోరు ఇవాతాని చెప్పేవాడు. తర్వాత అదే ఇవాతాని అది సగమే నిజమని, నోరు అనే అర్థమున్న జపనీస్ అక్షరాన్ని గుండ్రంగా చేయడం కూడా అందులో ఉందని అన్నాడు. పిజ్జా కథ చెప్పడానికి బాగుంటుంది కాబట్టి అదే ఊరూరా తిరిగింది. సూపర్‌మ్యాన్‌ను నిర్వీర్యం చేసే క్రిప్టోనైట్ రేడియో నాటకంలో 1943లో వచ్చింది. గొంతిచ్చే నటుడికి సెలవు కావాల్సి వచ్చి, హీరోను కొన్నాళ్లు మూలుగుతూ పడేయడానికి ఆ రాయిని కనిపెట్టారన్నది ప్రచారం. సెలవు కథ ఎంతవరకు నమ్మొచ్చో గానీ, రేడియో సూపర్‌మ్యాన్‌కు ఇచ్చిన వాటా తక్కువేమీ కాదు. కుర్ర ఫొటోగ్రాఫర్ జిమ్మీ ఓల్సన్, ఎడిటర్ పెర్రీ వైట్ కూడా మొదట రేడియోలో స్థిరపడినవాళ్లే. ఎందుకంటే రేడియోలో హీరో మౌనంగా ఎగిరిపోతే వినేవాడికి ఏమీ తెలియదు, మాట్లాడటానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఎగరడం కూడా తర్వాత వచ్చిందే. 1938లో మొదటి కామిక్‌లో సూపర్‌మ్యాన్ ఒక్క గెంతులో మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు దూకగలడు, అంతే. 1941లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు తీస్తున్నప్పుడు ఆ గెంతులు తెర మీద మిడత దూకినట్టు కనిపించి నవ్వొచ్చేవి. నేరుగా ఎగిరించేశారు.

ఏ లక్షణం ఏ ఏడాదిది

ఇవన్నీ కాలక్షేపం కబుర్లుగానే ఉండిపోయేవి, కాపీరైట్ గడువులు ముగిసే రోజులు రాకపోతే. మేరీ షెల్లీ 1818లో రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అందులోని రాక్షసుడు మిల్టన్ కావ్యం చదివి వాదించే మాటకారి. బల్లపరుపు తల, మెడకు ఇనుప ముక్కలు, మాట రాని మూలుగు 1931 సినిమా కోసం జాక్ పియర్స్ వేసిన మేకప్‌తో, బోరిస్ కార్లాఫ్ నటనతో వచ్చాయి. అవి యూనివర్సల్ సొత్తు. అందుకే 1957లో హ్యామర్ సంస్థ ఫ్రాంకెన్‌స్టైన్ తీసినప్పుడు యూనివర్సల్‌తో పేచీ రాకుండా క్రిస్టఫర్ లీకి పూర్తిగా వేరే మొహం, మాంసం ముద్దలు అతికించినట్టుండేది, తయారు చేయాల్సి వచ్చింది.

హోమ్స్ విషయంలో ఇది మరీ విచిత్రమైన మలుపు తిరిగింది. అమెరికాలో డాయిల్ పాత కథలు అందరివీ అయిపోయాయని 2014లో అప్పీలు కోర్టు చెప్పింది. చివరి పది కథలు మాత్రం డాయిల్ వారసుల చేతిలో ఉన్నాయి. 2020లో హోమ్స్ చెల్లెలి మీద వచ్చిన సినిమాపై వారసుల సంస్థ కేసు వేసింది. వాళ్ల వాదన ఏంటంటే, పాత కథల్లో హోమ్స్ రాతిమనిషి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాసిన కథల్లోనే అతనికి ఆప్యాయత, స్త్రీల పట్ల మర్యాద వచ్చాయి, కాబట్టి మనసున్న హోమ్స్ ఇంకా మా సొత్తే. ఆ కేసు కోర్టు తేల్చకుండానే అదే ఏడాది ముగిసింది. 2023 జనవరితో మిగిలిన కథల గడువు కూడా తీరిపోయింది. 2024లో మిక్కీ మౌస్ వంతు వచ్చింది, అది కూడా 1928 నాటి నలుపు తెలుపు మిక్కీ మాత్రమే. అప్పటికి అతనికి తెల్ల చేతితొడుగులు లేవు.

అమెరికా చట్టంలోని 95 ఏళ్ల లెక్క ప్రకారం సూపర్‌మ్యాన్ మొదటి కామిక్ 2034 జనవరి 1న అందరిదీ అవుతుంది. ఆ రోజు ఎవరైనా సొంత సూపర్‌మ్యాన్ కథ రాసుకోవచ్చు, అందులో అతను 200 మీటర్లు గెంతవచ్చు. క్రిప్టోనైట్ కామిక్‌లోకి వచ్చింది 1949లో, దాని జోలికి వెళ్లకుండా ఉంటే మంచిది. ఎగరడం మాటేమిటంటే, అతన్ని ఎగిరించిన ఫ్లైషర్ కార్టూన్ల కాపీరైట్‌ను సమయానికి పునరుద్ధరించుకోలేదు, అవి దశాబ్దాల కిందటే అందరి సొత్తయ్యాయి. కాబట్టి ఎగిరే సినిమా ఇప్పటికే ఉచితం, అందులో ఎగిరే మనిషి మాత్రం ఇంకా ఒక కంపెనీ ఆస్తి. 2034లో లాయర్లకు చేతినిండా పని.